పాత సుమోకు కొత్త షాకబ్జర్లు

పాత బండి వున్న ఇంటికి సలహాలకు కొదవ వుండదు. "అమ్మెయ్యండి" అనేది అందరూ చెప్పే మొదటి సలహా. దానికి మనం తల వూపకపోతే రెండో సలహా మొదలు పదో సలహా దాకా ఎవరి దారి వారిది.

మాది 2005లో కొన్న టాటా సుమో. సుమో అనగానే మీకు రాయలసీమ కథల సినిమాలు గుర్తుకు రావచ్చు. వరసగా పది బండ్లు దుమ్ము రేపుకుంటూ రావడం, చివరికి ఒకటో రెండో గాలిలోకి లేవడం! మా సుమో అలాంటి ఘనకార్యాలు ఎరగదు. పిల్లల్ని బడికీ, పెద్దల్ని ఆసుపత్రికీ, కార్తీక మాసంలో అందర్నీ కలిపి మహానందికీ మోసిన సంసారపక్షపు బండి అది. కంపెనీవారు 1994లో ఈ బండిని తెచ్చినప్పుడు తమ పూర్వపు అధిపతి సుమంత్ మూల్గావ్కర్ గారి పేరులోని అక్షరాలు కలిపి దానికి సుమో అని పేరు పెట్టారట. 2019లో తయారీ ఆపేశారు. మాది మాత్రం ఆగలేదు. పదిహేనేళ్ళు నిండగానే పరీక్ష చేయించి రిజిస్ట్రేషను ఐదేళ్ళకు పొడిగించుకున్నాము. అవీ గడిచాక మళ్ళీ పొడిగించుకున్నాము.

ఇంజను బాగానే వుంది. వచ్చిన చిక్కల్లా కుదుపుతోనే. గతుకు తగిలితే బండి ఒకసారి ఎగిరి వూరుకోవడం లేదు. రెండోసారీ, మూడోసారీ ఎగురుతున్నది. వెనక సీట్లో కూర్చున్న మా ఆవిడ, "ఏమండీ, ఇది బండా, గుర్రమా?" అన్నది. షాక్ అబ్జార్బర్లు పోయాయని తెలిసింది. మేస్త్రీల నోట వాటి పేరు షాకబ్జర్లు. నేనూ అదే వాడతాను.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. మీరు చెయ్యకూడదనే ఈ వ్యాసం.

కొత్తవి కొనేబదులు, పాతవాటికే రంధ్రం పెట్టి నూనె నింపి, అతికించి, నల్లరంగు వేసి ఇచ్చే అంగడి ఒకటి వున్నదని ఎవరో చెప్పారు. కొత్తవాటి వెలలో మూడో వంతు. పాత బండికి ఇంతకంటే ఎందుకు అనుకొని వెనక రెండూ అలాగే చేయించాను. రెండు నెలలు బండి ముచ్చటగా నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా అమ్మాయిని గిద్దలూరులో ఇచ్చాము. ఏడో నెల రాగానే పురుటికి తీసుకురావడానికి వెళ్ళాము. నంద్యాలకు తిరిగి వచ్చే దారి నల్లమల అడవిలో ఘాటు రోడ్డు. అప్పుడే వాన వెలిసింది. ఒక మలుపులో తారు లేచిపోయి గుంటలు పడి వున్నాయి. ఎదురుగా లారీ వచ్చింది. బ్రేకు తొక్కాను. ముందు భాగం కిందికి వంగింది. వెనక చక్రాలు గుంటల మీద టకటకా ఎగిరాయి. బండి వెనక భాగం పక్కకు జరిగింది. రోడ్డు అంచున రాతి దిమ్మెకు జానెడు దూరంలో ఆగాము. లారీ దాటిపోయింది. అమ్మాయి రెండు చేతులూ పొట్టమీద పెట్టుకొని కూర్చున్నది. ఇల్లు చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ నన్నొక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

మోసేదెవరు, ఆపేదెవరు?

మర్నాడు మా పాత మేస్త్రీ దగ్గరికి బండి తీసుకువెళ్ళాను. ఆయన కిందికి దూరి చూసి, "సార్, రెండూ కార్చేసినాయి. ఒకదాంట్లో నూనే లేదు" అన్నాడు.

"కూర్చున్నవాళ్ళకు సుఖంగా లేదనుకున్నాను గాని, బండి జారుతుందనుకోలేదయ్యా" అన్నాను.

"సుఖానికి గాదు సార్ ఇది. బరువు మోసేది కమాను కట్టలు. కమాను ఎగిరితే దాన్ని పట్టి ఆపేది షాకబ్జరు. ఇది లేకుంటే చక్రం నేలమీద నిలబడదు. నేలమీద లేని చక్రానికి బ్రేకు పడితే ఏముంది, పడకుంటే ఏముంది?"

ఆ మాట నాకు బాగా పట్టింది. ఉయ్యాలను ఒకసారి తోసి వదిలితే చాలాసేపు వూగుతుంది. ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే ఆగుతుంది. స్ప్రింగు ఉయ్యాల అయితే షాకబ్జరు ఆ చెయ్యి. గొట్టంలో నూనె వుంటుంది. నూనెలో ఒక ముషలకం పైకీ కిందికీ ఆడుతుంది. దానికి సన్నని రంధ్రాలూ, వాటికి మూతలూ వుంటాయి. నూనె ఆ ఇరుకు దారిలోంచి దూరవలసి రావడంతో కదలిక నెమ్మదిస్తుంది. కదలికలోని శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. సాధారణంగా స్ప్రింగు నొక్కుకునేటప్పటికంటే తిరిగి సాగేటప్పుడు ఎక్కువ బిగువుగా ఆపేటట్టు ఈ మూతల్ని అమరుస్తారు. ఎగిరిపడేది సాగేటప్పుడే గదా!

జబ్బు గుర్తులు

బండి మూలన బలంగా నొక్కి వదిలితే ఒకసారి పైకి లేచి కుదుటపడాలి. మళ్ళీ మళ్ళీ వూగితే షాకబ్జరు బలహీనపడ్డట్టే. అయితే సుమో వంటి బరువైన ఎస్‌యూవీల్లో కమాన్లు గట్టివి. చేత్తో నొక్కితే కదలనే కదలవు. కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదు.

గొట్టం మీద పలచని చెమ్మ, దానిపై దుమ్ము వుంటే భయం లేదు. నూనె ధారగా కారిన చార వుంటే దాని పని అయిపోయింది. టైరు చుట్టూ అరచేత్తో రాసి చూడండి. అక్కడక్కడ గిన్నె అడుగుల్లాగా పల్లాలు తగిలితే చక్రం నేలను కొట్టుకుంటూ పోతున్నదని అర్థం. బ్రేకు వేస్తే ముక్కు మరీ వంగడం, మలుపులో బండి పక్కకు ఒరిగి ఆలస్యంగా సర్దుకోవడం కూడా గుర్తులే.

మేస్త్రీ చెప్పిన మరో చిట్కా నాకు ముచ్చట వేసింది. గతుకుల రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు పోయి వచ్చి, నాలుగు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడాలి. పని చేసినది వెచ్చగా వుంటుంది. చల్లగా వున్నది సోమరి!

అంగట్లో మూడు రకాలు

కొత్తవి కొందామని అంగడికి వెళ్ళాను. మన దేశంలో ఈ సరుకు తయారీ కొత్తదేమీ కాదు. గాబ్రియేల్ ఇండియా కంపెనీ పుట్టినదే 1961లో. అంగడాయన నా ముందు మూడు రకాలు పెట్టాడు.

మొదటిది ఉత్త నూనెది. గొట్టంలో గొట్టం వుంటుంది. వెల తక్కువ, నడక మెత్తన. వూళ్ళో తిరిగే బండికి చాలు. కాని గతుకుల్లో చాలాసేపు పోతే లోపలి నూనె గాలితో కలిసి, చిలికిన మజ్జిగలాగా నురుగు కడుతుంది. నురుగుకు నూనెకున్న నిలుపుదల ఎక్కడిది? ఆ కాసేపు షాకబ్జరు వున్నా లేనట్టే.

రెండోది అదే అమరికలో కొద్ది ఒత్తిడితో నైట్రోజన్ నింపినది. ఆ ఒత్తిడికి నురుగు తేలికగా కట్టదు. గ్యాసు వున్నంత మాత్రాన బండి పైకి లేవదు, మరో ఇద్దరిని ఎక్కించుకోవడానికి వీలూ కలగదు. చాలామంది అలా అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

మూడోది ఒకే గొట్టం కలది. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ద కార్బన్ గారు 1950ల్లో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో గ్యాసు ఎక్కువ ఒత్తిడిలో వుంటుంది. గ్యాసుకూ నూనెకూ మధ్య అటూ ఇటూ జరిగే అడ్డు బిళ్ళ వుంటుంది. గొట్టానికి నేరుగా గాలి తగలడం వల్ల త్వరగా చల్లబడుతుంది. కొండలూ గుట్టలూ పట్టి పోయేవారికి మేలైన సరుకే. వెల మాత్రం ఎక్కువ. పైగా రాయి తగిలి గొట్టం సొట్టపోతే ముషలకం అక్కడే పట్టేస్తుంది.

అంగడాయన మూడోదే కొనమన్నాడు. మా పక్కింటాయన ఫోనులో, "బండి ఎత్తు పెంచి పొడుగువి వేయించండి, దర్జాగా వుంటుంది" అన్నాడు. మేస్త్రీ మాత్రం నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు. "ఎంతమంది ఎక్కుతారు? ఏ రోడ్డు మీద పోతారు? ఇంకెన్నాళ్ళు వుంచుకుంటారు?"

సాధారణంగా ఐదుగురం. పండగకు ఎనిమిది మంది. నెలకు రెండుసార్లు ఘాటు రోడ్డు. మరో నాలుగేళ్ళు వుంచుకుంటాము.

"అట్లయితే రెండోది చాలు సార్. ఎత్తు పెంచని బండికి పొడుగుది పెడితే, పెద్ద గుంటలో పడ్డప్పుడు అడుగు తగిలి పగులుతుంది. మరీ బిగువుది వేస్తే పిల్లప్ప ఎముకలు కదులుతాయి" అన్నాడు.

గ్యాసువే నాలుగూ తీసుకున్నాను. ముందువి అంతగా చెడలేదు గాని, వాటికీ వయసు మీరింది. ఒకవేళ అన్నీ కొనలేకపోయినా ఒక ఇరుసుకున్న రెండూ తప్పకుండా కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తదీ ఒక పక్క పాతదీ అయితే బండి ఒకవైపు ఒకలాగా, మరోవైపు ఇంకోలాగా నడుస్తుంది. నకిలీ సరుకు వుంటుంది కాబట్టి పెట్టెమీది నంబరు మన బండి మోడలుకు సరిపోయిందో లేదో చూసుకొని, బిల్లు తీసుకున్నాను. పాతదాని పక్కన కొత్తది నిలబెట్టి పొడవూ, చివరల అమరికా సరిచూశాము.

బిగించేటప్పుడు

నేను స్టూలు వేసుకొని పక్కనే కూర్చున్నాను. కొత్తవాటిని నిటారుగా పట్టుకొని నాలుగైదుసార్లు నొక్కి సాగదీసి, లోపల చేరిన గాలిని పైకి పంపాకే మేస్త్రీ బిగించాడు. మెరిసే కడ్డీని కటింగ్ ప్లేయరుతో పట్టనివ్వలేదు. కడ్డీమీద గీత పడితే అది నూనె ఆపే సీలును కోస్తుంది. పాత రబ్బరు బుష్షులు తీసేసి కొత్తవి వేశాడు. జాకీ దించి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాకనే వెనకవాటి బోల్టులు చివరి బిగువు బిగించాడు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలికపడి తొందరగా చిరుగుతుందట. చివరికి ముందు చక్రాల అలైన్‌మెంటు చూయించాము.

సాయంత్రం అందరం ఎక్కి ఆత్మకూరు రోడ్డు మీద కొంత దూరం పోయివచ్చాము. మా ఆవిడ, "ఇంత డబ్బు పోశారు, మెత్తగా ఏమీ లేదే?" అన్నది. నిజమే, గతుకు తగిలినప్పుడు తెలుస్తూనే వున్నది. కాని ఒక్కసారే తెలుస్తున్నది. బ్రేకు వేస్తే బండి వేసిన చోటనే నేలను కరిచి ఆగుతున్నది. మెత్తదనం కోసం డబ్బు పెట్టేవారు నిరాశపడతారు. పట్టు కోసం పెట్టేవారు పడరు.

అమ్మాయికి నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మూడో నెల వెళ్ళాక తల్లీబిడ్డల్ని అదే బండిలో, అదే ఘాటు రోడ్డు మీద గిద్దలూరు తీసుకువెళ్ళాను. ఆ మలుపు దగ్గర గుంటలు అలాగే వున్నాయి. నెమ్మదిగా దాటించాను. మా ఆవిడ వెనకనించి, "పాప లేవలేదు, పోనివ్వండి" అన్నది.

నూనె నింపిన ఆ పాత రెండూ మా పెరట్లో గోడవార పడి వున్నాయి. పాత సామాన్లవాడు అడిగితే ఇవ్వలేదు. డబ్బు మిగిల్చే ఉపాయాలు ఎవరైనా చెప్పినప్పుడల్లా ఒకసారి వాటివైపు చూస్తుంటాను.