మన వంశవృత్తాంతము వ్రాసికొనుట ఎట్లు?

తర్పణమునందు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుకొందుము. ఆ ముత్తాత ఏ ఊరివాడని పిల్లలడిగిన చెప్పగలవారు అరుదు. లక్ష్మీపూర్ ప్రాంతపు నేతసోదరులు ఈ పని వాయిదా వేయరాదు. వృద్ధులతోపాటు పేర్లును పోవును.

మొదట నాయనమ్మను, అమ్మమ్మను అడుగుడు. ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామము, నేసిన బట్ట, అమ్మిన సంత వ్రాసికొనుడు. ఆడువారి పుట్టింటిపేరు తప్పక వ్రాయవలెను. పెండ్లితో అది మరుగుపడును. సంవత్సరము తెలియనిచో, 1943 నాటి నూలు కంట్రోలుకు ముందా, తరువాతా అని అడుగుడు.

పిమ్మట పెట్టెలోని పట్టాలు, శుభలేఖలు, సహకార సంఘపు వాటా రసీదులు చూడుడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడువరకు కోరాపుట్ ప్రాంతము మద్రాసు రాజధానియందలి విశాఖపట్నము జిల్లాలోనిది. కావున పాత కాగితములపై ఆ జిల్లాపేరున్న పొరపాటనుకొనరాదు. రాయగడ ప్రత్యేక జిల్లా అయినది 1992లోనే. అంతకు ముందరి కాగితములపై కోరాపుట్ జిల్లా అనియే యుండును. మద్రాసు ప్రభుత్వపు పాత దస్తరములు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో కలవు.

విన్నమాట వేరుగా, కాగితమున చూచినది వేరుగా గుర్తింపవలెను. వ్రాసినదానికి నకలు తీసి, ఒకటి ఆడపడుచు ఇంట నుంచుడు.