బేగంపేట విమానాశ్రయం ఎందుకు మూతపడింది?



పోయిన సంచికలో ఓర్వకల్లు విమానాశ్రయం బొమ్మ వేసినాం గదా. అది చూసి ఆరో తరగతి తమ్ముడొకడు నన్నడిగినాడు: "అన్నా, కొత్తవి కడతారు సరే, ఉన్నవాటిని మూసేస్తారా?" మూసేస్తారు. హైదరాబాదులో బేగంపేటది అట్లా మూసినదే. దాని సంగతి నాకు మా నాయన వల్ల తెలుసు. నేను పుట్టకముందు, 2006లో ఆయన సుగ్గికి హైదరాబాదు పోయి బేగంపేట దగ్గర మేడల పనిలో ఇటుకలు మోసినాడు. "విమానం వస్తే పక్కన మనిషి మాట వినపడేది కాదు. చక్రాలు నెత్తికి తగులుతాయేమో అన్నట్టుండేది" అంటాడు. విమానం దిగే దారికి అడ్డం రాకూడదని ఆ చుట్టుపక్కల మేడల ఎత్తుకు హద్దు పెడతారు. మేస్త్రీ ఆ మాట చెప్తే అప్పుడు ఎవరూ నమ్మలేదంట!

ఇది నిజాం కాలపు విమానాశ్రయం. 1930 దశకంలో మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ పెట్టినారు. 1953లో భారత ప్రభుత్వం దేశంలోని విమాన కంపెనీలను తన చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1972లో బేగంపేటలో కొత్త భవనం కట్టినారు. ఈలోగా ఊరు పెరిగి పెరిగి విమానాశ్రయాన్ని చుట్టేసింది. ఒకప్పుడు ఊరి బయట ఉన్నది నడిబొడ్డులో పడింది. నాలుగు వైపులా ఇళ్లు, రోడ్లు, రైలు పట్టాలు. రన్‌వే పొడిగిద్దామంటే జాగా ఎక్కడిది?

అందుకని ఊరికి సుమారు 24 కిలోమీటర్ల దూరాన శంషాబాద్ దగ్గర కొత్తది కట్టాలనుకున్నారు. దానికి 5,500 ఎకరాల దాకా భూమి తీసుకున్నారు. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వానికీ, కట్టే జి.ఎం.ఆర్. వారి సంస్థకూ ఒప్పందం కుదిరింది. అసలు కిటుకంతా ఆ కాగితంలోనే ఉంది. మనకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఊరి నడుమ పాత బస్టాండు ఉంది. ఊరి బయట ఒకాయన సొంత డబ్బు పెట్టి కొత్త బస్టాండు కట్టినాడు. పాతది కూడా నడుస్తా ఉంటే జనం ఎక్కడికి పోతారు? దగ్గరున్న పాతదానికే పోతారు. కొత్తాయన పెట్టుబడి మునిగిపోతుంది. అందుకే కొత్తది తెరిచిన రోజు నుంచి బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోవాలని ముందే రాసుకున్నారు. అంతేకాదు, 150 కిలోమీటర్ల లోపల 25 ఏండ్ల దాకా మరో విమానాశ్రయం రాకూడదని కూడా ఉంది.

మూసేముందు గొడవ కాలేదా అంటే, అయింది. 2008 మార్చి 12న విమానాశ్రయాల ఉద్యోగులు దేశమంతటా సమ్మెకు దిగినారు. బేగంపేటనూ, బెంగుళూరు పాత విమానాశ్రయాన్నీ మూయొద్దన్నారు. ప్రభుత్వ సొమ్ముతో కట్టి, బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు మూయాలి అన్నది వాళ్ల ప్రశ్న. నాకు అందులో న్యాయం కనిపిస్తుంది. కానీ పక్క బస్తీలో ఆ మోత నడుమ చదువుకునే పిల్లలను తలుచుకుంటే మూయడమే మేలేమో అనిపిస్తుంది. ఏమైనా సమ్మె వల్ల మూత ఆగలేదు. మార్చి 22 అర్ధరాత్రి దాటగానే ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారినాయి.

మరి బేగంపేట నేల ఏమైంది? అమ్మలేదు, ఇళ్ల స్థలాలు వేయలేదు. వాయుసేన అక్కడే ఉంది. పెద్దపెద్ద నాయకుల విమానాలు దిగినాయి, పైలట్లు శిక్షణ తీసుకున్నారు. దేశదేశాల విమానాలతో ప్రదర్శనలు పెట్టినారు. 2024 మార్చి 5న అక్కడే పౌర విమానయాన పరిశోధన కేంద్రాన్ని ప్రధానమంత్రి ప్రారంభించినారు. దానికి 350 కోట్ల పైన ఖర్చయింది.

ఇప్పుడు ఆ 150 కిలోమీటర్ల సంగతి. సాంఘిక శాస్త్రం సారు అట్లాసు అడిగి తీసుకొని, శంషాబాద్ దగ్గర వృత్తలేఖిని ముల్లు గుచ్చి, స్కేలు ప్రకారం గుండ్రంగా గీత గీసినాను (పెన్సిలుతోనే, సారు కోప్పడొద్దు). మన ఓర్వకల్లు ఆ గీతకు బయట పడింది. 2021 మార్చిలో అక్కడ విమానాలు మొదలైనాయి. వరంగల్ దగ్గరి మామునూరు మాత్రం గీతకు లోపల, అంచుకు ఆనుకొని పడింది. అదీ నిజాం కాలపుదే. 1981లో అక్కడ విమానాలు నిలిచిపోయినాయి. మళ్లీ తెరవమని వరంగల్ వాళ్లు ఎంత అడిగినా ఈ షరతు అడ్డమొచ్చింది. అభ్యంతరం లేదని జి.ఎం.ఆర్. వారు ఒప్పుకున్నాకనే, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతిచ్చింది. అప్పటికున్న 696 ఎకరాలు చాలవని, ఇంకో 253 ఎకరాలు తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు విడుదల చేసింది.

ఈ వ్యాసం రాసినాక ఆదివారం మా నాయనకు ఫోనులో చదివి వినిపించినాను. బేగంపేట గురించి ఏమైనా చెప్తాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం, "ఆ మామునూరులో పొలం పోయేటోళ్లకు ఎకరాకు ఎంతిస్తారంట?" అని అడిగినాడు. కనుక్కొని వచ్చే సంచికలో రాస్తాను.