నాగటి కర్రు - కొలిమి పదును

తొలకరి పడగానే నాగలి గల రైతు మొదట వెదకునది కమ్మరి కొలిమినే. ట్రాక్టర్లు వచ్చిన ఈ రోజులలో కూడ కర్రు, గడ్డపార, కొడవలి, గొడ్డలి కొలిమిని వదలలేదు. ఒకే ఉక్కుతో చేసిన రెండు కర్రులలో ఒకటి ఏళ్లపాటు పనిచేయును. రెండవది రాయి తగిలి వారములోనే విరుగును. ఇందుకు కారణము చాలవరకు కొలిమి పనిలోనే ఉన్నది.

సాగగొట్టుటలో మేలేమి?

పోత ఇనుములో కర్బనము నూటికి 2 పాళ్లకు మించి ఉండును. అది గట్టిదే గాని పెళుసు. ఉక్కును కరగనీయక, ఎర్రగా కాల్చి సమ్మెటతో కొట్టినచో లోపలి రేణువులు నలిగి సన్నబడును. చేవకర్రలో చారలవలె వస్తువు రూపము వెంబడి బారులు తీరును. అందుచేతనే కర్మాగారములలో ఇంజను భాగములు పెక్కింటిని యంత్రపు సమ్మెటలతో ఇట్లే చేయుదురు.

ఉక్కు ఎన్నిక

మెత్తని ఇనుప చువ్వ నీటిలో ఎంత ముంచినను గట్టిపడదు. పాత లారీ కమాను పట్టీలో కర్బనము నూటికి సుమారు అర పాలు ఉండును గనుక అది కర్రుకు తగినది. జింకు పూత గల ముక్కలను కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ పీల్చినచో జ్వరము వచ్చును.

రంగే కొలత

నారింజ రంగు వచ్చినప్పుడు కొట్ట మొదలిడి, రంగు ముదురు ఎరుపునకు దిగకముందే ఆపి మరల కాల్చవలెను. చల్లారిన ఉక్కును కొట్టినచో పగుళ్లు పుట్టును. తెల్లబడి మిరుగుళ్లు రాలినచో ఉక్కు మాడినట్లే. ఆ భాగమును నరికివేయుట తప్ప వేరు మార్గము లేదు. ఎండలో ఈ రంగులు సరిగా తెలియవు. కొలిమిని నీడలో ఉంచుట అందుకే.

పదును పెట్టుట

రూపము వచ్చిన కర్రును ఎర్రగా కాల్చి, అయస్కాంతము అంటుట మానిన పిమ్మట మరికొంచెము వేడిచేసి అంచును ముంచవలెను. కమాను ఉక్కును నీటిలో ముంచిన పగులవచ్చును, నూనె మేలు. ఇంతటితో పని ముగియలేదు. అప్పుడు అంచు గాజువలె పెళుసుగా ఉండును. దానిని తోమి మెరుగుచేసి, నిదానముగా కాచినచో మొదట గడ్డిపసుపు, పిదప గోధుమ, ఊదా, నీలము రంగులు వరుసగా వచ్చును. కొడవలికి గోధుమ రంగు వద్ద, గొడ్డలికి ఊదా వద్ద, రాతినేల దున్ను కర్రుకు నీలము వద్ద ఆపవలెను. ఈ రెండవ కాపు మానుటవలననే పెక్కు కర్రులు విరుగుచున్నవి.

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో తయారైన ఉక్కును పూర్వము పారశీక వర్తకులు వచ్చి కొనిపోయిరి. అట్టి నేర్పు మన కమ్మరులకు కొత్త కాదు. పని ముమ్మరమైన రోజులలో తొందరపెట్టినచో రెండవ కాపు తప్పిపోవును. కావున రైతులు తొలకరికి పక్షము రోజుల ముందే కర్రులను కొలిమికి చేర్చవలెను. గ్రామోద్యోగులు ఈ సంగతిని రైతులకు ముందుగా తెలుపవలెను.