తెరచాప పట్టుకుంటే ఉద్యోగం దొరుకుతుందా?

విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే రోజూ కనిపించేవి ఓడలే. పోర్టులోకి వెళ్లే వంతు కోసం దూరంగా లంగరేసి ఉంటాయి. తెరచాప మాత్రం ఎప్పుడో గానీ కంటపడదు. అందుకే కాబోలు, ఇక్కడ చదివే కుర్రాళ్లకు సముద్రం మీద కొలువంటే నేవీ, కాదంటే మర్చంట్ నేవీ. సెయిలింగ్ డబ్బున్నవాళ్ల సరదా అనేస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ డబ్బు లేకుండా నేర్చుకునే దారి కూడా ఈ ఊళ్లోనే ఉంది.

విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి సంగతే చూడండి. నేవీకి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబర్ 10న గోవాలో ఐఎన్‌ఎస్‌వీ తారిణి ఎక్కారు. భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్లు. ఆ బృందంలో స్వాతితో పాటు హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య కూడా ఉన్నారు. స్వాతి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అధికారి, ఐశ్వర్య నేవల్ ఆర్కిటెక్ట్. అంటే సెయిలింగ్ వాళ్ల అసలు ఉద్యోగం కాదు. మాదేయి అనే పడవలో మారిషస్, కేప్‌టౌన్ దాకా వెళ్లొచ్చి, ఆ అనుభవంతోనే ప్రపంచయాత్రకు సిద్ధమయ్యారు. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ చెడిపోతే మారిషస్‌లో ఆగి బాగు చేసుకోవాల్సి వచ్చింది. పడవ నడిపేవాళ్లకు రిపేర్లు కూడా తెలిసి ఉండాలన్నమాట.

ఇంతకీ నేర్చుకునేదేమిటి? మొదటి పాఠం గాలి. గాలికి సూటిగా ఎదురు ఏ తెరచాప పడవా వెళ్లలేదు. సుమారు 45 డిగ్రీలు పక్కకు తిప్పి, కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు వంకర టింకరగా వెళ్తూ గమ్యం చేరాలి. దీన్నే ట్యాకింగ్ అంటారు. తాడు ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నది పుస్తకం చదివితే రాదు, చేతికి అలవాటు కావాలి. పడవ బోల్తా పడితే డాగర్‌బోర్డ్ మీదికెక్కి బరువంతా వేసి మళ్లీ నిలబెట్టడం కూడా మొదట్లోనే నేర్పిస్తారు. తడవకుండా సెయిలింగ్ నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేరు! ఆప్టిమిస్ట్ పడవ 15 ఏళ్ల లోపు పిల్లలది. కాలేజీ వయసువాళ్లు లేజర్ (ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు) లేదా ఇద్దరు నడిపే ఎంటర్‌ప్రైజ్‌తో మొదలుపెట్టొచ్చు.

విశాఖలో తెరచాప పడవలు ఎక్కువగా నేవీ, ఎన్‌సీసీల దగ్గరే ఉన్నాయి. ఇంత తీరం పెట్టుకుని మామూలు విద్యార్థికి అందుబాటులో ఉన్నవి ఇంత తక్కువా అనిపిస్తుంది. కాబట్టి చౌకైన దారి ఎన్‌సీసీ నేవల్ వింగ్. క్యాడెట్లకు వేలర్ పడవల్లో తెడ్డు వేయడం, తెరచాప ఎత్తడం, ముడులు వేయడం నేర్పిస్తారు. బాగా ఆడితే ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో జరిగే ఆలిండియా యాటింగ్ రెగట్టా దాకా వెళ్లొచ్చు. 'సి' సర్టిఫికెట్ ఉంటే సీడీఎస్ ద్వారా భర్తీ చేసే నేవల్ అకాడమీ సీట్లలో ప్రత్యేక కోటా ఉంది. జాతీయ స్థాయి పోటీల్లో రాణించినవాళ్లకు నేవీ స్పోర్ట్స్ కోటాలోనూ సెయిలింగ్ ఉంది.

సముద్రమే లేని హైదరాబాద్ ఈ ఆటలో మనకంటే ముందుంది. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద పిల్లలకు శిక్షణ ఇస్తోంది. తెలంగాణ అమ్మాయి కొంగర ప్రీతి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లింది.

ఇక సర్టిఫికెట్లు. ప్రపంచమంతా ఎక్కువగా గుర్తించేది బ్రిటన్‌కు చెందిన ఆర్‌వైఏ పద్ధతి. కాంపిటెంట్ క్రూ, డే స్కిప్పర్ కోర్సులు ఐదేసి రోజులు. పైన యాట్‌మాస్టర్. ఇక్కడే అసలు కిటుకుంది. యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు కూర్చోవాలంటే ముందే 50 రోజులు సముద్రం మీద గడిపి, 2,500 నాటికల్ మైళ్లు తిరిగి ఉండాలి. ఫీజు కట్టి ఈ మైళ్లు కొనుక్కోలేరు. మొదటి రోజు నుంచే తేదీ, పడవ పేరు, దూరం, గాలి, మీరు చేసిన పని లాగ్‌బుక్‌లో రాసుకోవాలి. విదేశాల్లో పూర్తి స్థాయి శిక్షణకు ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. కాబట్టి అప్పు చేసి దూకే ముందు చిన్న పడవల్లో మీకిది సరిపడుతుందో లేదో చూసుకోండి. సీ సిక్‌నెస్ ఎవరికొస్తుందో ముందే చెప్పలేం.

పెద్ద యాట్‌లలో మొదటి మెట్టు డెక్‌హ్యాండ్. కడగడం, తుడవడం, తాళ్లు చూసుకోవడం. పని సీజన్‌ను బట్టి ఉంటుంది: ఎండాకాలం మధ్యధరా, చలికాలం కరేబియన్. దీనికి ఎస్‌టీసీడబ్ల్యూ ప్రాథమిక భద్రతా శిక్షణ, మెడికల్ ఫిట్‌నెస్ అడుగుతారు. కలర్ విజన్ పరీక్ష ఇప్పుడే చేయించుకోండి. రాత్రిపూట ఎదురొచ్చే నౌకకు ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. వాటిని గుర్తుపట్టలేకపోతే డెక్ మీద పని కష్టం.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. యాట్ వేరు, షిప్ వేరు. యాట్‌మాస్టర్ ఉన్నంత మాత్రాన సరుకు ఓడ మీద అధికారి కాలేరు. దానికి డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న కోర్సులు, పరీక్షలు వేరే ఉన్నాయి. ఈ రెండిటినీ కలిపేసి 'మూడు నెలల కోర్సు, డాలర్లలో జీతం' అనేవాళ్లను నమ్మొద్దు. ఓడ ఉద్యోగానికి పంపుతామనే సంస్థకు డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ లైసెన్స్ ఉండాలి. నంబర్ అడగండి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఆ తర్వాతే మాట్లాడండి.

పడవ నడపడం కన్నా తయారు చేయడం ఇష్టమైతే విశాఖలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్‌కు ఐఎంయూ సెట్ రాయాలి.

డిగ్రీ ఫస్టియర్‌లో ఉన్నవాళ్లు ఆలస్యం చేయొద్దు. 'సి' సర్టిఫికెట్ దాకా వెళ్లాలంటే మూడేళ్లు పడుతుంది. మీ కాలేజీలో నేవల్ వింగ్ ఉందో లేదో ఎన్‌సీసీ ఆఫీసర్‌ని అడగండి. ఈత రాకపోతే ఈలోగా అది నేర్చుకోండి.