గైరాన్‌లో మొక్కలు: అర్జీ ఎవరిది, సంతకం ఎవరిది?

ఆషాఢం వచ్చిందంటే లాల్‌దర్వాజా గల్లీల్లోకి చుట్టాల కన్నా ముందు మేకలు, పొట్టేళ్లు దిగుతాయి. సింహవాహిని మహంకాళి గుడి చుట్టుపక్కల ఇళ్ల ముందర గుంజలకు కట్టేసి ఉంటాయి. ఇక్కడ కిరాయి గదిలో ఉండి చదువుకుంటున్న మేము ఏటా వాటిని చూస్తూనే ఉన్నాం. పాతబస్తీలో మనిషి కాలు చాపుకునే జాగ లేదు, మేకకు మేత ఎక్కడిది? అవి ఏదో ఊరి గైరాన్‌లో, చెరువు శిఖంలో, మాదిగవాడ పక్కనున్న పోరంబోకులో మేసి పెరిగినవి. ఆ గైరాన్లు ఇప్పుడు ఒక్కొక్కటే 'వనాలు' అవుతున్నాయి. ఉమ్మడి మేత భూమిలో చెట్లు పెట్టడానికి అనుమతి ఎట్లా అడగాలి, ఎవరు అడగాలి, ఎవరిని అడగాలి అన్నది ఈ వ్యాసంలో వివరించదలచుకున్నాం. మేము ఈ విషయంలో ఒకసారి దెబ్బతిన్నాం, కనుక ఇది పుస్తకాల్లోంచి మాత్రమే రాస్తున్నది కాదు.

ముందు భూమి సంగతి. తెలంగాణలో గైరాన్ అన్నా, కంచె అన్నా, బంచరాయి అన్నా, ఆంధ్ర జిల్లాల్లో మేత పోరంబోకు అన్నా దాదాపు ఒకటే. ఎవరి పట్టా కాదు, ఊరి పశువులు మేసే భూమి. నిజాం కాలపు 1317 ఫసలీ (1907-08) భూమి రెవెన్యూ చట్టం ఊరి పశువుల మేతకు భూమిని విడిగా కేటాయించే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. ఒకసారి అట్లా కేటాయిస్తే, మళ్లీ మంజూరు లేకుండా ఇంకో పనికి వాడకూడదు. తర్వాత ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, బండ్ల స్టాండ్లు, తోపుల వంటి పోరంబోకులు గ్రామ పంచాయతీకి చెందుతాయన్నది. అంటే కాగితం మీద భూమికి ఇద్దరు పెద్దలున్నారు. ఒకరు రెవెన్యూ, ఇంకొకరు పంచాయతీ. రోజూ పొద్దున్నే కట్టె పట్టుకుని మేకల వెంట పోయే మనిషి ఈ రెంటిలో ఎక్కడా లేదు.

కంచె అనే మాట 2025లో పట్నపోళ్ల నోట కూడా బాగా నలిగింది. కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగడం, విద్యార్థులు అడ్డం పడడం, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపడం అందరికీ తెలుసు. జింకల గురించి, నెమళ్ల గురించి చాలా రాశారు, రాయాల్సిందే. అయితే ఆ పేరులోనే ఒక మేత భూమి ఉందన్న సంగతి ఎక్కువమందికి తట్టలేదు. చెట్టు కనబడ్డంత తొందరగా మన చదువుకున్నోళ్లకు మేక కనబడదు.

మా సంగతే చెప్తాం. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. 2021 వానాకాలంలో మా చిన్నమ్మ ఊరి నుంచి వచ్చి, 'నువ్వు సదువుకున్నవు గదా బిడ్డా, ఒక అర్జీ రాసియ్యి' అన్నది. మా వాడ ఆడవాళ్లు గైరాన్‌లో ఒక పక్కన తుమ్మ, రేగు, చింత, వేప పెట్టుకోవాలనుకున్నారు. తుమ్మకాయ ఎండాకాలం మేకలకు పనికొస్తది, ఎండు పుల్ల పొయ్యికి, చింతపండు ఇంటికి. జహీరాబాద్ దిక్కు దళిత మహిళా సంఘాలు 1980ల నుంచి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి ఇట్లా ఊరుమ్మడి బీళ్లలో చెట్లు పెంచిన సంగతి వాళ్లకు చుట్టాల ద్వారా తెలుసు. మేము ఉత్సాహంగా రాసిచ్చాం. మంచి తెలుగులో రాశాం కూడా. అందులో ఒక వాక్యం ఇది: 'సదరు సర్వే నంబరు భూమి నిరుపయోగంగా, ఖాళీగా పడి ఉన్నది.'

ఆ వాక్యమే మా కొంప ముంచింది. కార్యాలయంలో అర్జీ తీసుకున్నారు, సంఘానికి మాత్రం అనుమతి రాలేదు. కొన్ని నెలలకు అదే జాగలో పంచాయతీ పేరు మీద మొక్కలు పెట్టారు. చుట్టూ పశువులు దాటకుండా కందకం తవ్వారు. అడగబోతే, 'ఖాళీ భూమి అని మీరే రాసిచ్చిన్రు గదమ్మా' అన్నారు. జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు. చిన్నమ్మ ఎనిమిది మేకల్లో ఆరు అమ్ముకున్నది.

మేకలు మేసే భూమి ఖాళీ భూమి ఎట్లా అయితది? దున్నితేనే ఉపయోగం, కంచె వేస్తేనే హక్కు అనే లెక్క మాకు బడిలో వచ్చింది, ఇంట్లో రాలేదు. ఎన్.ఎస్. జోధా 1986లో అచ్చేసిన పరిశోధన ఈ లెక్కను ఏనాడో తప్పని చూపింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లోని 82 ఊళ్లను ఆయన పరిశీలించారు. పేద కుటుంబాల రాబడిలో 14 నుంచి 23 శాతం ఊరుమ్మడి వనరుల నుంచే వస్తోందని తేలింది. 1950ల మొదటి నుంచి 1980ల మొదటికి వచ్చేసరికి ఆ భూములు 31 నుంచి 55 శాతం దాకా తరిగిపోయాయి కూడా. ఖాళీ అని రాసేవాళ్లెవరూ ఆ రాబడి గురించి ఏమీ అనరు.

తెలంగాణలో 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు, 2021లో మండలానికి పదేసి ఎకరాల బృహత్ వనాలు అన్నారు. 2014లో దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం పెట్టినప్పుడు మాత్రం భూమి కొని ఇయ్యాల్సి వస్తదన్నారు, అది నత్తనడక నడిచింది. వనానికి దొరికిన భూమి మనిషికి ఎందుకు దొరకలేదన్న ప్రశ్న దళిత ఉద్యమం అడగవలసిందే. ఇక్కడ మాలో మాకే ఒక తగాదా ఉంది, దాచుకోవడం ఎందుకు. పోరంబోకులు భూమిలేని దళితులకు పంచమనడం మన ఉద్యమాల పాత డిమాండు. మేత భూమిగానే కాపాడమంటే పంపకానికి అడ్డం పడ్డట్టు, పంచమంటే మేకలున్న ఆడవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టు. సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలను ఆదేశించింది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రభుత్వ ఉత్తర్వు కింద లీజు ఇచ్చిన సందర్భాలను మాత్రం మినహాయింపుగా చూడవచ్చన్నది. ఈ రెండు మాటలూ మన వాళ్లు జేబులో పెట్టుకోవాల్సినవే. ఏ ఊళ్లో ఏది ముందన్నది ఆ వాడ తేల్చుకోవాలి, మా లాంటి వాళ్లు పట్నంలో కూర్చుని కాదు.

ఇంకో దేశం సంగతి చూడండి. స్కాట్లాండులో క్రాఫ్టర్లనే చిన్న కౌలు రైతులకు ఉమ్మడి మేత భూములున్నాయి. వాటిలో అడవి పెంచుకునే వీలు 1991లో ఒక చట్టంతో వచ్చింది. భూస్వామి ఒప్పుకోవాలి, అది నిజమే. కానీ చెట్లు పెడతామని ముందుకొచ్చేది మేపేవాళ్ల సొంత కమిటీ. భూస్వామ్యం ఇంకా బతికున్న దేశంలో మేపేవాళ్లకు ఒక కమిటీ, ఒక సంతకం ఉన్నాయి. ఇక్కడ మేపేవాడు అర్జీదారు కాడు, అభ్యంతరదారు కూడా కాడు.

మరి అర్జీ ఎట్లా పెట్టాలి? మొదట సర్వే నంబరు, విస్తీర్ణం, పహాణీ నకలు, టోంచ్ పటం సంపాదించాలి. రికార్డులో ఆ భూమి గైరాన్ అని ఉందా, ఖారిజ్ ఖాతా అని ఉందా, లేక ఎప్పుడో అటవీ శాఖకు రాసేశారా అన్నది చూసుకోవాలి. ఈ మూడోది ముఖ్యం. ఎక్కడో ప్రాజెక్టు కింద పోయిన అడవికి బదులుగా ఇక్కడి రెవెన్యూ భూమిని అటవీ శాఖకు బదలాయిస్తే, ఆ తర్వాత పంచాయతీ తీర్మానానికి విలువ లేదు. అటవీ హక్కుల చట్టం (2006) మేత హక్కును గుర్తిస్తుంది గానీ, గిరిజనులు కాని వాళ్లు 75 ఏళ్ల నివాసం రుజువు చేసుకోవాలి. మన వాడలో ఎవరి దగ్గర ఉంటది ఆ కాగితం?

తర్వాత గ్రామసభ తీర్మానం. అది సర్పంచు ఇంట్లో రాసిన తీర్మానం కాకూడదు. దానికి జతగా, ఎవరూ అడగకపోయినా, మేపేవాళ్ల పట్టిక పెట్టాలని మా సూచన. పేరు, వాడ, మేకలెన్ని, గొర్లెన్ని, బర్లెన్ని, ఏ నెలల్లో మేపుతారు అన్నీ రాయాలి. గొల్ల కురుమల పేర్లు, లంబాడాల పేర్లు కూడా ఉండాలి. లేకపోతే రేపు మనకూ వాళ్లకూ కొట్లాట పెట్టడం సులువు.

ఏ మొక్క అన్నది కూడా అర్జీలోనే రాయాలి. కానుగ, సీతాఫలం, నీలగిరి పెడితే మేక పెద్దగా ముట్టదు కనుక మొక్క బతుకుతుంది, లెక్కలో శాతం బాగుంటుంది. మేకకు మాత్రం ఆ వనం ఉన్నా లేనట్టే. నాలుగు మీటర్లకొక మొక్క పెడితే ఎకరానికి 250 దాకా పడతాయి. అన్నీ అట్లాంటివే అయితే గైరాన్ పోయినట్టే లెక్క. భూమిని ఒకేసారి మూయకుండా మూడు వంతులు చేసి, ఒక వంతులో మొక్కలు మేక తలకు అందనంత ఎదిగాక తెరిచి, అప్పుడు రెండో వంతు మూయాలి. మూసిన వంతులో కూడా గడ్డి కోసుకుపోయే హక్కు, కాయ ఏరుకునే హక్కు ఎవరికన్నది పేర్లతో రాయించాలి. అర్జీ అందినట్టు రసీదు లేకుండా తిరిగి రావద్దు.

ఈ మధ్య మేము రెండో అర్జీ రాశాం. మూసిన తుకిడిని తెరవమని, మిగిలిన దాంట్లో వంతుల వారీగా తుమ్మ, రేగు పెట్టుకోనిమ్మని. ఈసారి మొదటి వాక్యంలోనే 'ఊరి పశువులు తరతరాలుగా మేస్తున్న భూమి' అని రాశాం. పట్టిక కోసం ఇంటింటికీ తిరిగినప్పుడు చిన్నమ్మ పేరు దగ్గర రెండు మేకలు అని వేసుకున్నాం. ఆమె కాగితం దిక్కు చూసి, 'అమ్మిన ఆరు గూడ రాయి' అన్నది. పట్టికలో దానికి గడి లేదు. పక్కన ఇంకొకటి గీసి రాశాం.