ఎర్తు పని వేరు, బాండింగ్ పని వేరు: హాట్ టబ్ గురించిన అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఇళ్ల పెరళ్లలో అమర్చుకునే హాట్ టబ్ సాధారణంగా 240 వోల్టుల సరఫరాతో, సొంత పంపూ హీటరూ కలిగి పనిచేసే వేడినీటి తొట్టి. దాని పక్కన ఒక రాగి కడ్డీని భూమిలోకి దిగగొట్టి తీగ కలిపితే, ఎక్కడ కరెంటు లీకైనా భూమి దాన్ని మింగేస్తుందన్నది ఈ విషయంలో అన్నిటికంటే లోతుగా పాతుకుపోయిన అపోహ. ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తు గొయ్యి నింపడం చూస్తూ పెరిగి, అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఈ నమ్మకం మరింత సహజంగా తోస్తుంది. అయితే లెక్క దానికి ఒప్పుకోదు. కడ్డీకీ నేలకూ మధ్య నిరోధం 25 ఓములే అనుకున్నా, ఆ 240 వోల్టుల సరఫరాలో నేలతో పోలిస్తే 120 వోల్టులుండే ఒక తీగ తొట్టి లోహానికి తగిలినప్పుడు నేలలోకి పారేది 4.8 ఆంపియర్లు మాత్రమే. 50 ఆంపియర్ల బ్రేకరుకు అది చిన్న లోడు కనుక ట్రిప్ కాదు, లోహం మీద వోల్టేజి అలాగే నిలిచి ఉంటుంది. బ్రేకరును పడగొట్టేది సరఫరా తీగల వెంటే మెయిన్ ప్యానెలు దాకా తిరిగి వెళ్లే ఎర్తు తీగ. అక్కడ అది న్యూట్రల్‌తో కలిసి ఉన్నందువల్ల, లోపం తలెత్తిన వెంటనే వందల ఆంపియర్లకు దారి ఇస్తుంది. గ్రౌండింగ్ (ఎర్తింగ్) వల్ల కలిగే రక్షణ ఈ దారిలో ఉంది, కడ్డీలో కాదు.

గ్రౌండింగ్ ఉండగా బాండింగ్ అదనపు హంగు మాత్రమేనన్నది రెండో అపోహ. చేతికీ కాలికీ అందే లోహభాగాలనూ, తొట్టి చుట్టూ ఉన్న నేలనూ ఒకదానితో ఒకటి కలిపి, అన్నీ ఒకే వోల్టేజి వద్ద ఉండేలా చేయడమే బాండింగ్. కరెంటును భూమిలోకి పంపడం దాని పని కానే కాదు. ఇందుకు వాడే 8 గేజి ఒంటిపోగు రాగి తీగను ప్యానెలు దాకా గానీ, కడ్డీ దాకా గానీ లాగనక్కర్లేదని అమెరికా జాతీయ విద్యుత్ నియమావళిలోని 680వ అధికరణమే చెబుతుంది.

మెయిన్ ఆపేస్తే తొట్టి దగ్గర వోల్టేజి ఉండదన్న నమ్మకం పైకి తర్కబద్ధంగా కనిపిస్తుంది కనుకనే ఎక్కువ ప్రమాదకరం. అక్కడి పంపిణీ వ్యవస్థలో న్యూట్రల్ అనేక చోట్ల భూమికి కలిసి ఉంటుంది. ఇరుగుపొరుగు ఇళ్ల లోడు కూడా దానిలో ప్రవహిస్తుంది కాబట్టి, దూరంగా ఉన్న నేలతో పోలిస్తే దాని మీద కొన్ని వోల్టులు నిలిచి, ఎర్తు తీగ ద్వారా హీటరు లోహానికీ, దాన్ని ఒరుసుకుంటూ పారే నీటికీ చేరతాయి. తడి కాంక్రీటు మీద చెప్పుల్లేకుండా నిలబడి నీళ్లలో చేయి పెట్టినవారికి వేళ్లు జివ్వుమనేది అందుకే. పొడి చర్మానికి తెలియని రెండు మూడు వోల్టులు నానిన చర్మానికి తెలుస్తాయి. తొట్టి ప్లాస్టిక్‌ది కదా అన్న వాదన కూడా ఇక్కడే వీగిపోతుంది. తొట్టి లోపలి గోడకు 18 నుంచి 24 అంగుళాల దూరంలో, నేలకు 4 నుంచి 6 అంగుళాల లోతున రాగి తీగను చుట్టూ పరిచి, లేదా కాంక్రీటులోని ఇనుప ఊచలకు కలిపి, తొట్టి లోహంతో జోడిస్తే, నీటి మీద ఉన్న వోల్టేజే పాదాల కింద కూడా ఉంటుంది. తేడా దాదాపు లేకుండా పోతుంది. ధ్రువీకరణ పొందిన, నేల మీద నిలిపే రెడీమేడ్ తొట్టిని తయారీదారు సూచనల ప్రకారం అమర్చి, దాని అంచు 30 అంగుళాల పరిధిలోని నేలకంటే కనీసం 28 అంగుళాల ఎత్తున ఉంటే ఈ చుట్టు తీగకు మినహాయింపు ఉంది. కానీ తొట్టిని చెక్క వేదికలో సగం దించి అందంగా పొదిగించే సరదా ఆ మినహాయింపును పోగొట్టవచ్చు.

జీఎఫ్‌సీఐ ఒక్కటి ఉంటే చాలన్నది చివరి అపోహ. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్ల్స్ డాల్‌జీల్ 1961లో రూపొందించిన ఈ పరికరం, వెళ్లే కరెంటుకూ తిరిగి వచ్చే కరెంటుకూ మధ్య తేడా 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్లకు చేరగానే సరఫరాను తెంచుతుంది; భారతీయ ఇళ్లలో సాధారణంగా అమర్చే ఆర్‌సీసీబీకి ఆ హద్దు 30 మిల్లీ ఆంపియర్లు. అయితే ఎర్తు తీగ లేకపోతే, లోపం తలెత్తినా ఎవరో ఒకరి శరీరం దారి అయ్యేదాకా జీఎఫ్‌సీఐ పడిపోకపోవచ్చు. బయటి న్యూట్రల్ నుంచి వచ్చే వోల్టేజి దాని కంటికి ఆననే ఆనదు. నెలనెలా టెస్ట్ మీట నొక్కి చూడటం అవసరమే గానీ, ఆ మీట పరీక్షించేది ఆ పరికరాన్నే. పంపు దగ్గరి క్లాంపుకు చిలుము పట్టి రాగి తీగ ఊడిపోయి ఉన్నా అది మామూలుగానే ట్రిప్ అవుతుంది.