మన బడిలో చర్చా పోటీ నడపడం ఎలా?



మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా "ఎందుకు?" అని అడిగితే తల వంచుకోవడం నేను చాలాసార్లు చూశాను. తెలివి లేక కాదు. మన రేగుంట, సిరొంచ వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆ రెండింటి నడుమ మాట ఆగిపోతుంది. దీనికి నాకు తెలిసిన మందు చర్చా పోటీ. బడిలో వాద్‌వివాద్ స్పర్ధా అనేది దీన్నే.

వక్తృత్వ పోటీలో బట్టీపట్టింది చెప్పి దిగిపోవచ్చు. చర్చలో ఎదుటివారు చెప్పింది విని జవాబివ్వాలి. 1988లో ఆస్ట్రేలియాలో మొదలైన ప్రపంచ పాఠశాలల చర్చా పోటీల్లో జట్టుకు ముగ్గురు వక్తలు, ఒక్కొక్కరికి 8 నిమిషాలు, చివర జట్టుకు 4 నిమిషాల ముగింపు. మన పిల్లలకు అందులో సగం చాలు.

చుట్టుపక్కల బడుల నుంచి 4 జట్లు పిలవండి. ప్రతి జట్టూ మిగిలిన మూడింటితో తలపడితే మొత్తం 6 చర్చలు. రెండు గదుల్లో నడిపితే 3 విడతలు. ఒక్కో చర్చకు 28 నిమిషాలు, కాబట్టి ఒక పూటలో ముగుస్తుంది. గదికి ముగ్గురు న్యాయనిర్ణేతలు, గడియారం చూసేవారు ఒకరు ఉండాలి. ఒక్కసారి ఓడగానే ఇంటికి పంపే పద్ధతి వద్దు. నేర్చుకోవలసింది ఓడినవారే కదా!

అంశం వారం ముందే చెప్పండి. అది మన ఊరిదైతే మంచిది. ఉదాహరణకు, "మేడిగడ్డ బ్యారేజీ వల్ల మన తాలూకాకు లాభం కన్నా నష్టమే ఎక్కువ". 2019లో ప్రారంభమై, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన ఆ బ్యారేజీ గురించి మనవాళ్లందరికీ తెలుసు. ఎవరిది ఏ పక్షమో ప్రతి విడతకూ చీటీ తీసి తేల్చండి. పొలం మునిగిన ఇంటి పిల్లవాడికి బ్యారేజీ పక్షం రావచ్చు. తల్లిదండ్రులు కోప్పడవద్దు. అవతలివారి వాదన ఎరిగినవాడే రేపు తన అర్జీ గట్టిగా రాసుకోగలడు.

ప్రపంచ పోటీల్లో విషయానికి 40, చెప్పే తీరుకు 40, వ్యూహానికి 20 మార్కులు. మనం కూడా అలాగే వేయవచ్చు. అయితే మరాఠీలో ఒక తెలుగు మాట దొర్లిందని మార్కు తగ్గించవద్దని న్యాయనిర్ణేతలకు ముందే చెప్పాలి.

ఇక నా తప్పు. మొదటిసారి పోటీ నడిపినప్పుడు మార్కులు నేనొక్కడినే కూడాను. 67 వేయాల్సిన చోట 76 వేశాను. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారయ్యాయని బ్యాంకులో ఇట్టే పట్టేవాణ్ణి. ఆనాడు కప్పు ఇచ్చేశాక, రాత్రి ఇంట్లో కాగితాలు తిరగేస్తుంటే బయటపడింది. మర్నాడే వెళ్లి ఓడిన జట్టులోని అమ్మాయి తండ్రికి చెప్పాను. "పిల్ల రాత్రంతా ఏడ్చింది సారూ. ఇప్పుడు చెప్తే ఏం లాభం?" అన్నాడు. ఆ జట్టుకూ కప్పు ఇప్పించాను. కానీ ఆ అమ్మాయి మళ్లీ పోటీకి రాలేదు.

బ్యాంకులో ఒకరు రాసిన ఓచరు మరొకరు సరిచూడనిదే డబ్బు కదలదు. ఇక్కడా అంతే. మార్కులు ఇద్దరు విడివిడిగా కూడాలి. రెండు మొత్తాలు కలిశాకే ఫలితం చెప్పాలి. ఎందుకు గెలిచారో, ఎక్కడ తప్పారో రెండు వాక్యాలు రాసి మార్కుల చీటీతో పాటు పిల్లల చేతికివ్వాలి.

కప్పు చిన్నదైనా ఫరవాలేదు. లెక్క మాత్రం సరిగా ఉండాలి.